విత్తనాలు పోస్టులో తెప్పించుకోండి, మొక్కను చూసి తెచ్చుకోండి

ప్రశ్న: మాది హనుమకొండ. అద్దె ఇల్లు. మేడ మీద ఇరవై దాకా కుండీలు, గ్రో బ్యాగులు పెట్టుకోవడానికి ఇంటివాళ్ళు ఒప్పుకున్నారు. కిందటేడు ఆన్‌లైన్‌లో 349 రూపాయలకి "45 రకాల విత్తనాల కాంబో" కొన్నాను. తోటకూర, మెంతికూర తప్ప ఏవీ సరిగ్గా రాలేదు. విడిగా కొన్న నీలం గులాబీ గింజలు మొలిచాయి కానీ వచ్చింది ఏదో గడ్డి మొక్క. ఈసారి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకునే చిన్న నర్సరీల దగ్గర, ఇంట్లోనే విత్తనం కట్టి అమ్మేవాళ్ళ దగ్గర కొనాలనుంది. వాళ్ళ ధరలు తక్కువే, కొరియర్ ఖర్చు చూస్తేనే టెన్షన్‌గా ఉంది. నా దగ్గర రెండు వేలున్నాయి. కూరగాయలతో పాటు ఒక తైవాన్ జామ, గుండుమల్లె, ఢిల్లీ కనకాంబరం కావాలి. మా ఆయనేమో "మళ్ళీ డబ్బు బూడిదలో పోస్తావా" అంటున్నారు. ఎవరిని నమ్మి కొనాలి? ఇంకో మాట. డాలస్‌లో ఉన్న మా అక్క గోంగూర గింజలు, కరివేపాకు మొక్క పంపమంటోంది. పంపొచ్చా?

జవాబు: ముందు ఆ కాంబో సంగతి. మీ చేతిలో లోపమేమీ లేదు. అలాంటి ప్యాకెట్లలో ఏముంటాయో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. బ్రకోలీ, లెట్యూస్, క్యాలీఫ్లవర్, క్యారెట్, బీట్‌రూట్, ఇలా సగానికి సగం చలి పట్టున పెరిగేవే. వాటిని ఓరుగల్లు ఎండలోనో, తొలకరి ఉక్కలోనో వేస్తే మొలక రావడమే కష్టం, వచ్చినా నిలవదు. మిగిలిన సగం ఎప్పుడు కోసిన విత్తనమో, ఎక్కడ ఎన్నాళ్ళు పడి ఉందో కవరు మీద ఉండదు. తోటకూర, మెంతి ఎప్పుడు చల్లినా మొలుస్తాయి కాబట్టి అవి వచ్చాయి. మీకు మిగిలిన నలభై మూడు రకాల అవసరం అసలు లేదు. ఇరవై కుండీలకు ఏడెనిమిది రకాలు చాలు. రకానికి డబ్బు లెక్కేసి చూస్తే కాంబో చవగ్గా కనిపిస్తుంది. కాయ కాసిన మొక్కకు ఎంత పడిందో లెక్కేస్తే అంత ఖరీదైన విత్తనం ఇంకోటి లేదు.

నీలం గులాబీ మాత్రం అచ్చమైన మోసం. గులాబీలో నీలం రంగునిచ్చే పదార్థం సహజంగా ఉండదు. జపాన్‌లో సన్‌టోరీ అనే కంపెనీ జన్యుమార్పిడి చేసి 2004లో నీలి గులాబీని ప్రకటించింది, 2009లో అక్కడి మార్కెట్లోకి తెచ్చింది. చూస్తే అదీ లేత ఊదారంగే. పైగా మనం పేరు పెట్టి కొనుక్కునే గులాబీలేవీ గింజతో పెంచరు, కన్ను అంటుకట్టి పెంచుతారు. గింజల రూపంలో నీలం, నలుపు, ఏడు రంగుల గులాబీ అమ్ముతున్నారంటే ఆ దుకాణంలో ఇంకేదీ కొనకండి, తోటకూర గింజలు కూడా.

ఇక మీ అసలు ప్రశ్న. నా సలహా సూటిగా చెప్తాను. విత్తనాలు, దుంపలు పోస్టులో తెప్పించుకోండి. మొక్కను మాత్రం వీలైనంతవరకు కళ్ళతో చూసి తెచ్చుకోండి. విత్తనం నిద్రలో ఉంటుంది, నాలుగు రోజులు కవరులో ఉన్నా దానికేమీ కాదు. దుంపలూ అంతే. నేలసంపెంగ, తామర, పసుపు కొమ్ములు హాయిగా ప్రయాణం చేస్తాయి. డ్రాగన్ ఫ్రూట్ కాడ, మట్టి దులిపిన అడీనియం కూడా తట్టుకుంటాయి. ఆకులున్న మొక్క అలా కాదు. చీకటి పెట్టెలో, వేడి వ్యానులో అది రోజురోజుకీ ఓపిక కోల్పోతుంది. రోహిణి కార్తె ఎండకు రోళ్ళు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో అట్టపెట్టెలో బయల్దేరిన మొక్క ఎలా చేరుతుందో మీరే ఊహించుకోండి.

ఖర్చు కూడా అక్కడే పెరుగుతుంది. చాలా కొరియర్లు పెట్టె బరువు ఒక్కటే చూడవు, సైజు కూడా చూస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చేది "బరువు"గా లెక్కేస్తారు. రెండడుగుల జామ మొక్కకు 60 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 20 ఎత్తు ఉన్న పెట్టె కావాలనుకుందాం. అది 4.8 కిలోలు అవుతుంది, లోపల మొక్క, మట్టి కలిపి కిలోన్నరే ఉన్నా సరే. అందుకే ఎనభై రూపాయల మొక్క ఇంటికి చేరేసరికి దాని ధరకు మించిన కొరియర్ కట్టాల్సి వస్తుంది. అదే పది రకాల విత్తనాలయితే ఒక్క కవరులో వస్తాయి. చిన్న అమ్మకందార్లు ఎక్కువగా వాడుతూ వచ్చిన రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు, ఖర్చు అడిగేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. మీ వీధిలో మొక్కలు పెంచేవాళ్ళు ఇద్దరు ముగ్గురుంటే కలిసి ఒకే ఆర్డరు పెట్టండి. నలుగురు పంచుకుంటే పోస్టు ఖర్చు ఎవరికీ భారం కాదు. వంగ విత్తనం ప్యాకెట్టు మొత్తం మీకెలాగూ అక్కర్లేదు, నాలుగు మొక్కలు ఇంటికి సరిపోతాయి.

ఎవరి దగ్గర కొనాలన్నదానికి రెండు దారులున్నాయి. టమాటా, బెండ, వంగ, మిరప లాంటి మామూలు కూరగాయలకు ప్రభుత్వ సంస్థలే మంచివని నా అభిప్రాయం. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో భారత ఉద్యాన పరిశోధన సంస్థ ఉంది, ఐఐహెచ్ఆర్ అంటారు. "అర్క" అని మొదలయ్యే రకాలన్నీ వాళ్ళవే. ఆన్‌లైన్‌లో ఆర్డరు తీసుకుని ఇంటికి పంపుతారు. జాతీయ విత్తన సంస్థ కూడా ఆన్‌లైన్‌లో అమ్ముతోంది. మీ తెలంగాణలోనే సిద్దిపేట జిల్లా ములుగులో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, అటు వెళ్ళేవాళ్ళుంటే కనుక్కోమనండి. ఇలాంటి చోట రకం పేరు నికరంగా ఉంటుంది, పరీక్ష తేదీ ఉంటుంది.

చిన్నవాళ్ళ దగ్గర కొనాల్సినవి వేరే ఉన్నాయి. పొట్టి నాటు కాకర, ముళ్ళ వంకాయ, తీగ బచ్చలిలో ఎర్ర రకం, పాత నాటు చిక్కుళ్ళు, దోసలో ఊరికో రకం, ఇవి పెద్ద కంపెనీల కవర్లలో దొరకవు. ఇంట్లో పండించి, ఎండబెట్టి, చిన్న కవర్లలో కట్టి పంపే ఆడవాళ్ళు, రైతులు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. వాళ్ళను నిలబెట్టాల్సిన అవసరం కూడా ఉంది. ఆ విత్తనాలు వాళ్ళతోనే ఆగిపోతే మళ్ళీ తెచ్చుకునే చోటు లేదు. రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవడానికి, పంచుకోవడానికి, బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవడానికి 2001 నాటి రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం హక్కు ఇచ్చింది. కాబట్టి ఇంటి విత్తనం మీద లేబుల్ లేదని అనుమానపడక్కర్లేదు. కంపెనీ బ్రాండుతో అమ్మే కవరు మీద లేబుల్ లేకపోతేనే అనుమానించాలి. దాని మీద రకం పేరు, లాట్ నంబరు, మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, గడువు, ప్యాక్ చేసినవారి చిరునామా ఉండాలి. ప్రభుత్వ ధ్రువీకరణ ఉన్న విత్తనానికి నీలి ట్యాగు ఉంటుంది, కంపెనీ తన పూచీ మీద అమ్మేదానికి లేత ఆకుపచ్చది.

చిన్నవాళ్ళతో ఉన్న గొప్ప సౌకర్యం ఏమిటంటే వాళ్ళు ఫోన్ ఎత్తుతారు. మాట్లాడండి. ఈ విత్తనం ఏ నెలలో కోశారు? మీరే పండించారా, తెచ్చి అమ్ముతున్నారా? సూటి రకమా, హైబ్రిడ్డా? మా దగ్గర ఇప్పుడు వేయొచ్చా? ఈ నాలుగూ అడిగితే మనిషి తెలిసిపోతుంది. "ఇప్పుడు వద్దమ్మా, వానలు పడ్డాక పెట్టండి" అని ఆర్డరు వదులుకునే మనిషి దొరికితే ఆ నంబరు భద్రంగా దాచుకోండి. అన్నీ ఎప్పుడైనా వస్తాయనేవాళ్ళ దగ్గర కొనకండి. అప్పుడే పరిచయమైనవారి దగ్గర మొదట రెండు మూడు రకాలే తెప్పించండి, అవి మొలిచాక మిగతావి.

సూటి రకమా అని ఎందుకు అడగమన్నానంటే, హైబ్రిడ్ కాయలోని గింజ దాచి మళ్ళీ వేస్తే తల్లి లాంటి మొక్క రాదు. ఏటా కొనాల్సిందే. సూటి రకం టమాటా, వంగ, చిక్కుడు అయితే ఒకసారి కొంటే చాలు, మంచి మొక్కకు రెండు కాయలు ముదరనిచ్చి విత్తనం కట్టుకోవచ్చు. రెండు వేలతో మొదలుపెట్టేవాళ్ళకు అసలైన పొదుపు ఇదే. సొర, బీర, దోసల్లో మాత్రం జాగ్రత్త. తేనెటీగలు పక్కింటి తీగ పుప్పొడి తెచ్చి కలిపేస్తాయి, దాచిన విత్తనం ఇంకోలా రావచ్చు. అలా వచ్చిన సొరకాయ వండేముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి కాయ పారేయండి, ఉడికించినా ఆ విషం పోదు, రసం తాగి ఆస్పత్రి పాలైనవాళ్ళున్నారు.

ఇక చిక్కుడు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పోస్టులో కొనేవాళ్ళు ఎక్కువగా నిరాశపడేది దీని దగ్గరే. మన నాటు పందిరి చిక్కుడు పగటి పొద్దు తగ్గితేనే పూస్తుంది. జూన్ జులైలో గింజ పెడితే తీగ పందిరంతా అల్లుకుని, చలి మొదలయ్యాక పూతకొచ్చి, సంక్రాంతికి కాయలిస్తుంది. అదే గింజ ఫిబ్రవరిలో తెప్పించి నాటితే ఎండాకాలమంతా ఆకులే. నీళ్ళు పోసి పోసి విసిగిపోయి, దొంగ విత్తనం పంపారని అమ్మినవాళ్ళను తిడతారు. విత్తనం మంచిదే, వేళ తప్పింది. మీకు పందిరికి చోటు లేకపోతే ఐఐహెచ్ఆర్ వారి అర్క జయ్, అర్క విజయ్ అడగండి. ఇవి పొద చిక్కుళ్ళు, పొద్దు పొడవుతో వీటికి పని లేదు, గ్రో బ్యాగులోనే పూస్తాయి. బెండలో అర్క అనామిక పల్లాకు తెగులును కొంత తట్టుకునే సూటి రకం. తెల్లదోమ ఎక్కువుంటే దానికీ తెగులు వస్తుంది, అయినా మేడ మీద నాలుగు మొక్కలకు అది సరిపోతుంది. మునగ పెట్టాలనుంటే తమిళనాడులోని పెరియకుళం ఉద్యాన కళాశాల వారి పీకేఎం-1 రకం గింజతోనే వస్తుంది, తొందరగా కాస్తుంది, కొమ్మలు కత్తిరించుకుంటూ పెద్ద డ్రమ్ములో పెంచొచ్చు.

విత్తనాలు చేరగానే మట్టిలో వేసేయకండి. ప్రతి రకం నుంచీ పది గింజలు లెక్కపెట్టి (ప్యాకెట్లో ఇరవయ్యే ఉంటే ఐదు చాలు) తడిపి పిండిన నూలుగుడ్డలో చుట్టి, మూత ఉన్న డబ్బాలో నీడన పెట్టండి. రోజూ ఒకసారి తెరిచి చూసి, ఆరితే నీళ్ళు చిలకరించండి. బెండ నాలుగైదు రోజుల్లో, టమాటా వారంలో, మిరప పది పన్నెండు రోజుల్లో తెల్లటి మొలక చూపాలి. మన దేశంలో విత్తన ధ్రువీకరణకు కావాల్సిన కనీస మొలక టమాటా, వంగకు 70 శాతం, బెండకు 65, మిరపకు, తీగ కూరగాయలకు 60. అంటే పదింటిలో ఆరేడు మొలిస్తే మంచి విత్తనమే, పదికి పది రాలేదని కోపం తెచ్చుకోకండి. రెండు మూడే వస్తే ఫొటో తీసి పంపండి. నిజాయతీ ఉన్నవాళ్ళు మళ్ళీ పంపుతారు. మొలిచిన గింజలు వృథా కావు, వేలితో గుంట చేసి జాగ్రత్తగా కుండీలో పెట్టేయండి. కాకర పెంకు గట్టిది. రాత్రంతా నానబెట్టి, మొనను గోళ్ళు కత్తిరించే కట్టర్‌తో చిన్నగా నొక్కితే తొందరగా మొలుస్తుంది. గులాబీ రంగు, నీలం రంగు పొడి పట్టించిన విత్తనాలొస్తే అది మందు, చేతులు కడుక్కోండి, పిల్లలకు అందనివ్వకండి.

మిగిలిన విత్తనం గాజు సీసాలో బిగించి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. టమాటా, వంగ మూడేళ్ళ దాకా బాగానే ఉంటాయి. ఉల్లి విత్తనం ఏడాది దాటితే నమ్మలేం, పాతది ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా తీసుకోకండి.

కొన్నింటికి అసలు డబ్బే పెట్టొద్దు. ధనియాలు వంటింట్లో ఉన్నవే, చపాతీ కర్రతో రెండు బద్దలయ్యేలా నలిపి చల్లండి. మెంతులూ ఇంట్లోవే. పుదీనా కట్ట తెచ్చినప్పుడు ఆకు తుంచుకుని కాడలు గుచ్చండి. బచ్చలి, పొన్నగంటి కాడతోనే వస్తాయి. అల్లం, పసుపు కన్ను మొలిచిన ముక్కలు చాలు. ఇవి కూడా ప్యాకెట్లలో పెట్టి నలభై, యాభై రూపాయలకు అమ్ముతున్నారు.

మొక్కల దగ్గరికొద్దాం. తైవాన్ జామ మీరు వీడియోల్లో చూసినవాటిలో చాలావరకు కడియం వైపువి. తూర్పు గోదావరిలో కడియం, కడియపులంక చుట్టూ వందల నర్సరీలున్నాయి, అక్కణ్ణించి దేశమంతటికీ లారీల్లో మొక్కలు వెళ్తాయి. మన ఊళ్ళ నర్సరీల్లో ఉండే మొక్కల్లోనూ చాలా అక్కడివే. కాబట్టి ఒక్క మొక్కకు కొరియర్ కట్టడం కన్నా మీ హనుమకొండ నర్సరీకి వెళ్ళి, "కడియం లోడు ఎప్పుడొస్తుంది? తైవాన్ జామ అంటు మొక్క ఒకటి వేయించండి" అని చెప్పండి. కొంచెం ఎక్కువ తీసుకున్నా, మీరు ఏరుకుని తెచ్చుకుంటారు. లేదంటే రాజమండ్రి వైపు వెళ్ళే చుట్టాలకు చెప్పండి, లేదా అమ్మేవారిని ఆర్టీసీ కార్గోలో వేయగలరేమో అడగండి. రాత్రి ఎక్కించి పొద్దున్న తీసుకుంటే మొక్కకు ఒక్క రాత్రి ప్రయాణమే.

జామ ఎక్కడ కొన్నా వేరు చూడకుండా కుండీలో పెట్టకండి. కవరు ఒక పక్క బ్లేడుతో కోసి, కొంచెం మట్టి విదిలించండి. మంచి వేరు సన్నగా, నున్నగా, తెల్లగానో లేత గోధుమరంగులోనో ఉంటుంది. వేరు పొడవునా పూసలు గుచ్చినట్టు ముడులు కనిపిస్తే అవి వేరుముడి నులిపురుగులు. జామలో ఇవి నర్సరీ మొక్కలతోనే ఊరూరా పాకాయి. మొదట్లో మొక్క బాగానే ఉంటుంది. రెండేళ్ళకు ఆకు ఎర్రబడి, చిక్కిపోయి, ఎంత ఎరువేసినా కోలుకోదు. ఆ మట్టి పక్క కుండీలో పడితే టమాటా, వంగ కూడా పోతాయి. ముడులున్న మొక్కను ఫొటో తీసి తిరిగిచ్చేయండి, వాళ్ళు తీసుకోకపోతే మట్టితో సహా పారేయండి. నూరు రూపాయలు పోయినా మిగతా మేడ దక్కుతుంది.

ఢిల్లీ కనకాంబరానికి గింజలుండవు. అది గింజ కట్టని రకం, కొమ్మ కత్తిరింపులతోనే పెంచుతారు. "ఢిల్లీ కనకాంబరం సీడ్స్" అని కనిపిస్తే వదిలేయండి. వానాకాలంలో పువ్వులమ్మేవాళ్ళనో, పెరడున్నవాళ్ళనో నాలుగు కొమ్మలడిగి ఇసుక కలిపిన మట్టిలో నీడన గుచ్చండి. గుండుమల్లె కూడా అంతే. కొమ్మ వంచి మట్టిలో తొక్కిపెడితే వేరు పడుతుంది. ఇవి రెండూ ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి, వీటికి కొరియర్ దండగ.

అయినా ఎప్పుడో ఒకప్పుడు మొక్క తెప్పించక తప్పదు, ఇక్కడ దొరకని రకమేదో కేరళలోనో బెంగాల్‌లోనో ఉంటుంది. అప్పుడు నెట్లో ఫొటో కాదు, ఇవాళ తీసిన ఫొటో, పక్కన స్కేలు పెట్టి పంపమనండి. ఎత్తెంత, కవరు సైజెంత, అంటు మొక్కా గింజ మొక్కా, దారిలో చస్తే మళ్ళీ ఇస్తారా అని రాతలో అడగండి, వాట్సాప్ మెసేజ్ చాలు. సోమ, మంగళవారాల్లో పంపమనండి, ఆదివారం గోడౌన్‌లో పడి ఉండదు. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి, చాలామంది అది లేకపోతే బదులివ్వరు.

పెట్టెలోంచి కాండం పట్టి లాగొద్దు, అట్ట కోసి కింది ముద్దతో సహా ఎత్తండి. ఆకులు పసుపుబారి రాలితే భయపడకండి, చీకటికి అలా అవుతుంది. గోటితో కాండం మీద కొంచెం గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. వారం పది రోజులు నీడలో ఉంచి, తడి ఆరకుండా నీళ్ళు పోయండి. అప్పుడే పెద్ద కుండీలోకి మార్చొద్దు, ఎరువు అసలు వేయొద్దు. మిగతా మొక్కలకు దూరంగా పెట్టండి, ఆకు మొదళ్ళలో తెల్లటి పిండినల్లి దాక్కుని రావచ్చు. అంటు మొక్కయితే అతుకు ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. అతుకు కింద నుంచి వచ్చే చిగురు మీరు కొన్న రకానిది కాదు, వేళ్ళ కోసం కింద వాడిన మొక్కది, చూసిన వెంటనే తుంచేయండి. దాన్ని ఉంచితే పైన ఉన్న మీ గులాబీనో మామిడినో ఎండిపోయి అడవి మొక్క మిగులుతుంది.

డబ్బు విషయంలో ముందుగా యూపీఐలో కట్టక తప్పకపోతే చిన్న మొత్తంతో మొదలుపెట్టండి. వస్తువు రాక, జవాబూ లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. డబ్బు తీసుకుని నంబరు బ్లాక్ చేస్తే అది సైబర్ నేరం, ఆలస్యం చేయకుండా 1930కి చెప్పండి. ఒక్క మాట మాత్రం మనసులో పెట్టుకోండి. మీ దగ్గరికి వచ్చి పదిహేను రోజులయ్యాక నీళ్ళు ఎక్కువై చచ్చిన మొక్కకు ఇంట్లో కూర్చుని కవర్లు కట్టే మనిషిని బాధ్యురాల్ని చేయకండి. ముప్పై రూపాయల ప్యాకెట్టు మీద బేరమాడొద్దు కూడా.

మీ అక్కగారికి గోంగూర గింజలు ఉత్తరంలోనో, ఎవరి సూట్‌కేసులోనో పెట్టి పంపకండి. బయటి దేశం నుంచి విత్తనం వస్తే అమెరికా వ్యవసాయ శాఖ చీడపీడలు లేవని తెలిపే ఫైటోశానిటరీ సర్టిఫికెట్టో, ముందుగా తీసుకున్న అనుమతో అడుగుతుంది, లేకపోతే పారేస్తారు. 2020లో ఎవరూ అడగని విత్తనాల పొట్లాలు చాలామంది అమెరికన్ల ఇళ్ళకు పోస్టులో వచ్చి కలకలం రేగింది. అప్పుడు మన వ్యవసాయ శాఖ కూడా రాష్ట్రాలను హెచ్చరించింది. గోంగూర అక్కడి చిన్న విత్తనాల దుకాణాల్లో రోసెల్ పేరుతో దొరుకుతుంది. వాళ్ళు కాయ చుట్టూ ఉండే ఎర్రటి రేకల కోసం పెంచుతారు, ఆకు పుల్లగానే ఉంటుంది. కరివేపాకు మొక్క మాత్రం ఇక్కణ్ణించి వద్దే వద్దు. నిమ్మ, బత్తాయి తోటల్ని చంపే గ్రీనింగ్ తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. అందుకే టెక్సస్, ఫ్లోరిడా, కాలిఫోర్నియా లాంటి చోట్ల ఆ మొక్కల రవాణా మీద ఆంక్షలున్నాయి. ఆమెను టెక్సస్‌లోనే లైసెన్సున్న నర్సరీలో కొనుక్కోమనండి.

మీ రెండు వేలలో విత్తనాలకు, పోస్టుకు కలిపి ఐదు వందలు దాటనివ్వకండి. ఏడెనిమిది వందలు పశువుల ఎరువుకో వర్మీకంపోస్టుకో పెట్టండి, ఎంత మంచి విత్తనమైనా మట్టి బాగుంటేనే కాస్తుంది. ఆర్డరు మాత్రం మృగశిర కార్తెకు రెండు వారాల ముందే పెట్టేయండి, మొలక పరీక్షకు టైం ఉంటుంది. తొలకరి పడగానే బెండ, బీర, కాకర, నాటు చిక్కుడు నేరుగా కుండీల్లో, వంగ, టమాటా, మిరప నారు ట్రేలో వేయండి. జామ జులైలో, వానలు కుదురుకున్నాక. మిగిలిన డబ్బు నవంబరు దాకా కదపకండి. అప్పుడు పాలకూర, క్యారెట్, మీకు ఇష్టమైతే ఆ బ్రకోలీ కూడా వేసుకోవచ్చు. గులాబీ కావాలంటే అంటు మొక్క ఒకటి, నర్సరీలో పువ్వు పూసి ఉన్నది చూసి తెచ్చుకోండి.